ఆ సున్నా తప్పు: మన చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

మాదాపూర్, గచ్చిబౌలిలోనూ, విశాఖ రుషికొండ మీదా, గన్నవరం, వరంగల్ మడికొండల్లోనూ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు నడుపుతున్న పెద్దలకు, ఆ కంపెనీల టెక్నికల్ హెడ్‌లకు,

నమస్కారం.

బడ్జెట్ వేసుకునే రోజులు రాగానే మీ అందరి ముందుకూ ఒక ప్రశ్న వస్తుంది. కోడ్ రాసిన తర్వాత దాన్ని బిల్డ్ చేయడం (నడిచే ప్రోగ్రాముగా మార్చడం), టెస్టులు నడపడం, సర్వర్ మీదికి ఎక్కించడం (డిప్లాయ్) ఇవన్నీ ఎవరూ ముట్టుకోకుండా జరిగిపోవాలి. అందుకు జెంకిన్స్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల) సాధనాన్ని మన మెషీన్ మీద పెట్టుకోవాలా, గిట్‌హబ్ యాక్షన్స్, సర్కిల్‌సీఐ లాంటి బయటి కంపెనీ సేవకు నెలనెలా డబ్బు కట్టాలా? బిల్డ్, రిలీజ్ పనే వృత్తిగా బతుకుతున్నవాణ్ని కాబట్టి ఇలాంటి మీటింగులకు నన్ను కూడా పిలుస్తుంటారు. చాలాచోట్ల చర్చంతా ఒక స్ప్రెడ్‌షీట్ చుట్టూనే తిరుగుతుంది. ఒక గడిలో జెంకిన్స్ పేరు, దాని ఎదురుగా సున్నా. పక్క గడిలో మనిషికి నెలకు ఇన్ని డాలర్లని ఒక అంకె. సున్నాకు అందరూ తల ఊపుతారు, మీటింగు ముగుస్తుంది.

ఆ సున్నా తప్పు. పక్కనున్న అంకె కూడా పూర్తి నిజం కాదు. రెండు గడుల్లోనూ రాయాల్సింది ఒక మనిషి పేరు, ఆ పని కోసం ఆ మనిషికి వారంలో మీరిచ్చే గంటలు. ఆ రెండూ రాయకుండా ఏ నిర్ణయం మీదా సంతకం పెట్టవద్దని అడగడానికే ఈ లేఖ.

జెంకిన్స్‌కు లైసెన్సు రుసుము లేని మాట నిజమే. 2004లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న కొహ్సుకె కవగుచి తన అవసరం కోసం హడ్సన్ అనే పేరుతో దాన్ని మొదలుపెట్టాడు. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. ఆ పేరు మీద హక్కు ఎవరిదన్న పేచీ వచ్చింది. 2011 జనవరిలో దాన్ని రాసేవాళ్లు, వాడేవాళ్లు ఓటేసుకుని, కోడ్ మొత్తం తీసుకుని జెంకిన్స్ అనే కొత్త పేరుతో బయటికి నడిచారు. హడ్సన్ మూలన పడింది, జెంకిన్స్ ఇప్పటికీ నడుస్తోంది. యజమాని మారినా పనిముట్టు మన చేతిలోంచి పోకపోవడం ఓపెన్ సోర్స్ ఇచ్చే అసలు హామీ. నాకు ఓపెన్ సోర్స్ మీద ఉన్న గౌరవమంతా అందుకే. ఉచితంగా దొరకడం దాని పక్కన చాలా చిన్న లాభం.

అయితే ఆ హామీలో ఆలనాపాలనా చేరలేదు. జెంకిన్స్‌కు 1,800కు పైగా ప్లగిన్లు (అదనపు పనుల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. ఎంత చిన్న సంస్థలోనైనా వాటిలో డజన్ల కొద్దీ వాడతారు. వాటిలో లోపాలు బయటపడినప్పుడల్లా సెక్యూరిటీ ప్రకటన వస్తుంది. తాను నడవడానికి వాడే జావాలో పాత వెర్షన్లయిన జావా 8ని 2022లో, జావా 11ని 2024లో వదిలేసి జెంకిన్స్ ముందుకెళ్లింది. మీరు వెనకే ఉండిపోతే లోపాలను సరిచేసే కొత్త ప్యాచ్‌లు మీ దాకా రావు. ఆ ప్రకటన చదవాల్సిన మనిషి, మంగళవారం సాయంత్రం అప్‌డేట్ వేసి బుధవారం పొద్దున బిల్డులు నడుస్తున్నాయో లేదో చూడాల్సిన మనిషి మీ దగ్గర ఎవరు?

ఎవరూ లేకపోతే ఏమవుతుందో మన దేశమే చూసింది. 2024 జనవరి 24న జెంకిన్స్‌లో ఒక పెద్ద లోపాన్ని ప్రకటించి, అదే రోజు ప్యాచ్ కూడా విడుదల చేశారు. జెంకిన్స్‌ను కమాండ్ లైన్ నుంచి (ఆదేశాలు టైపు చేసి) వాడే చోట, యాట్ (@) గుర్తు పెట్టి దాని వెనకే ఒక ఫైలు పేరు ఇస్తే చాలు, ఆ ఫైల్లో ఉన్న రాతను జెంకిన్స్ తానే చదివి ముందు పెట్టేది. అనుమతి లేని బయటివాడికి కూడా ఫైల్లోని మొదటి కొన్ని వరుసలు కనిపించేవి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, బిల్డ్ సర్వర్ మీద ఉండే ఫైళ్లు ఏమిటో గుర్తు తెచ్చుకోండి. ప్రొడక్షన్ సర్వర్లలోకి వెళ్లే తాళాలు, డేటాబేస్ పాస్‌వర్డులు, క్లౌడ్‌లోకి అనుమతినిచ్చే టోకెన్లు అన్నీ అక్కడే ఉంటాయి.

ప్యాచ్ వచ్చి ఆరు నెలలు గడిచాయి. జూలై 31న సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి (డేటాను బంధించి డబ్బు అడిగే దాడి) జరిగిందన్న వార్త వచ్చింది. సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు కంప్యూటర్ వ్యవస్థలు నడిపే సంస్థ అది. ముందుజాగ్రత్తగా, యూపీఐ లాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీసింది. దేశం మొత్తం మీద దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. క్లౌడ్‌సెక్ అనే సైబర్ భద్రతా సంస్థ విశ్లేషణ ప్రకారం ఈ గొలుసు మొదలైంది సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో సంస్థ దగ్గర, సరిగా అమర్చని ఒక జెంకిన్స్ సర్వర్ నుంచి. అందులోకి దారి జనవరిలో ప్రకటించిన ఆ లోపమే.

ఆ బ్యాంకుల్లో ఖాతా ఉన్న రైతుకు జెంకిన్స్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అది మనకు తెలియాలి. మీలో చాలామంది సహకార సంఘాలకు, నర్సింగ్ హోములకు, చిట్‌ఫండ్ కంపెనీలకు, ఆక్వా వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నారు. మీ బిల్డ్ సర్వర్ తలుపు తెరిచి ఉందంటే వాళ్లందరి ఇళ్లూ తెరిచి ఉన్నట్టే.

ఇది చదివి, అయితే బయటి సేవే క్షేమం కదా అని కొందరికి అనిపించవచ్చు. అక్కడి కథలు కూడా వినండి.

ట్రావిస్ సీఐ 2011లో బెర్లిన్‌లో మొదలైంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏళ్ల తరబడి ఉచితంగా బిల్డులు నడిపిపెట్టింది. ఒక తరం డెవలపర్లకు బిల్డ్ ఆటోమేషన్ అంటే ఏమిటో నేర్పింది అదే. 2019 జనవరిలో దాన్ని ఐడెరా అనే కంపెనీ కొన్నది. మరుసటి నెలలోనే అక్కడి ఇంజినీర్లలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. 2020 నవంబర్‌లో ధరల పద్ధతి మార్చి ఉచిత సేవకు పరిమితి పెట్టారు. 2021 జూన్‌లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం నడిపిన సైటునే మూసేశారు. తమ వ్యాపారం, తమ ఇష్టం, అందులో తప్పేమీ లేదు. కానీ వేల ప్రాజెక్టులు ఉన్నపళంగా సామాను సర్దుకోవాల్సి వచ్చింది. బిల్డుకు కావలసిన అడుగులన్నీ తమ రిపోజిటరీలోనే (కోడ్ దాచుకునే చోటే) మామూలు షెల్ స్క్రిప్టుగా (వరసగా నడిచే ఆదేశాల ఫైలుగా) రాసుకున్నవాళ్లు కొత్త చోట ఒక చిన్న ఫైలు రాసుకుని సర్దుకోగలిగారు. ప్రతి అడుగూ ట్రావిస్ సొంత పద్ధతిలో రాసుకున్నవాళ్లకు మళ్లీ మొదటినుంచి పని పడింది.

సర్కిల్‌సీఐ కథ ఇంకో రకం. 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఇంజినీరు ఒకరి ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) చొరబడింది. యాంటీవైరస్ దాన్ని పట్టుకోలేదు. దుండగులు, రెండంచెల లాగిన్ దాటి లోపల ఉన్న ఆ ఇంజినీరు సెషన్‌నే దొంగిలించి, దాంతో కస్టమర్ల రహస్యాలున్న చోటికి వెళ్లారు. 2023 జనవరి 4న సర్కిల్‌సీఐ తన కస్టమర్లందరికీ ఒక మాట చెప్పింది: మా దగ్గర దాచిన మీ తాళాలు, టోకెన్లు అన్నీ మార్చేయండి, వెంటనే. ఏ తాళం ఎక్కడుందో జాబితా రాసుకున్న జట్టుకు అది ఒక పూట పని. జాబితా లేనివాళ్లు అసలు తమ దగ్గర ఎన్ని తాళాలున్నాయో వెతుక్కోవడంతో మొదలుపెట్టాలి. మీ దగ్గర ఆ జాబితా ఉందా? ఉందని అనిపిస్తే, ఇవాళే తెరిచి చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ చూడండి.

2025 మార్చిలో గిట్‌హబ్ యాక్షన్స్‌లో జరిగింది మరీ దగ్గరి సంగతి. ఏ ఫైళ్లు మారాయో చెప్పే టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే చిన్న అడుగును అప్పటికి 23,000కు పైగా రిపోజిటరీలు వాడుతుండేవి. అది రాసింది గిట్‌హబ్ కాదు, బయటి డెవలపర్లు, అది కూడా ఓపెన్ సోర్స్‌లోనే. దుండగులు దానిలోకి దూరి, పాత వెర్షన్ల ట్యాగులను (వెర్షన్లకు పెట్టే పేర్లను) దాదాపు అన్నింటినీ తాము మార్చిన కోడ్ వైపు తిప్పేశారు. ఆ కోడ్ బిల్డులోని రహస్యాలను లాగులోకి (బిల్డ్ నడిచినప్పుడు రాసుకునే చిట్టాలోకి) రాసేసింది. పబ్లిక్ రిపోజిటరీ అయితే ఆ లాగు ఎవరైనా చదువుకోవచ్చు. వాడిన ప్రతి అడుగునూ ట్యాగు పేరుతో కాకుండా పూర్తి కమిట్ హాష్‌తో (ఆ కోడ్‌కు మాత్రమే చెందే పొడవాటి గుర్తింపు సంఖ్యతో) రాసుకుని, ఆ రోజుల్లో దాన్ని మార్చకుండా ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు. రాసే అధికారం చిక్కితే ట్యాగును ఎవరైనా జరపగలరు, హాష్‌ను జరపలేరు. మీ రిపోజిటరీలో వర్క్‌ఫ్లో ఫైలు (గిట్‌హబ్ యాక్షన్స్ అడుగులు రాసే ఫైలు) తెరిచి చూడండి. బయటివాళ్లు రాసిన అడుగుల పక్కన వీ4, వీ45 అని కనిపిస్తే, ఆ వరుసలు మార్చమని ఈ వారమే ఎవరికైనా చెప్పండి.

ఈ మూడో ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, మనం గీసుకునే గీత అంత తిన్నగా లేదు. డబ్బు కట్టి వాడుతున్న సేవ లోపల ఓపెన్ సోర్స్ ఉంది. మన సొంత జెంకిన్స్ కూడా ప్లగిన్లు, డాకర్ ఇమేజీలు (ముందే సర్ది ఉంచిన ప్రోగ్రాము మూటలు) బయటినుంచే తెచ్చుకుంటుంది. ఎటు చూసినా ఎవరో రాసిన కోడ్‌ను నమ్మే నడుస్తున్నాం. అందుకే నేను సాధనం పేరు కంటే ముందు మనిషి పేరు అడుగుతున్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అది లేకుండా మీ దగ్గర ఏ మాటా నిలవదని నాకు తెలుసు. గిట్‌హబ్ టీమ్ ప్లాన్ మనిషికి నెలకు 4 డాలర్లు. ఇరవై మంది జట్టుకు 80 డాలర్లు, అంటే దాదాపు ఏడు వేల రూపాయలు. అందులో నెలకు 3,000 బిల్డ్ నిమిషాలు వస్తాయి. సొంత జెంకిన్స్‌ను సరిగా చూసుకోవడానికి నా అంచనాలో వారానికి కనీసం నాలుగు గంటలు కావాలి, నెలకు పదహారు. అనుభవమున్న డెవాప్స్ (బిల్డ్, సర్వర్ల పని చూసే) ఇంజినీరు పదహారు గంటల జీతం ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. ఏడు వేలకు రాదు. పైగా మెషీన్, కరెంటు, బ్యాకప్ ఖర్చులు వేరే. సున్నా అని రాసిన గడిలో నిజంగా ఉండాల్సిన అంకె ఇది.

అవతలి గడిలో కనబడని ఖర్చులూ ఉన్నాయి. బిల్లు డాలర్లలో వస్తుంది కాబట్టి రూపాయి బలహీనపడినప్పుడల్లా మీ ఖర్చు పెరుగుతుంది. ఐఫోన్ యాప్ బిల్డ్ చేయాలంటే మాక్ మెషీన్ తప్పనిసరి, గిట్‌హబ్ చాలాకాలం పాటు మాక్ మీద నడిచిన ఒక్క నిమిషాన్ని ఉచిత కోటాలోంచి పది నిమిషాలుగా కోసుకునేది. 2021 అక్టోబర్‌లో కార్డు ఆటో డెబిట్ల మీద రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చినప్పుడు, మన దేశపు కార్డులతో విదేశీ సేవలకు నెలనెలా కడుతున్న ఎంతోమందికి చెల్లింపులు ఫెయిలయ్యాయి. ఆ కార్డు ఎవరి పేరున ఉంది, ఫెయిలైన మెయిలు ఎవరికి వస్తుంది అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ రిలీజ్ రోజున అదే పెద్ద ప్రశ్న. 2025 డిసెంబర్‌లో గిట్‌హబ్ ఇంకో అడుగు వేసింది. మన సొంత మెషీన్ మీద మనమే నడుపుకునే రన్నర్లకు (బిల్డులు నడిపే ప్రోగ్రాములకు) కూడా నిమిషానికి 0.002 డాలర్లు వసూలు చేస్తామని ప్రకటించింది. డెవలపర్లు గట్టిగా వ్యతిరేకించడంతో వాయిదా వేసింది. ధర ఎవరి చేతిలో ఉందో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఈ మధ్య ఒక ఆఫీసులో చూసింది చెబుతాను. పేరు చెప్పడం సబబు కాదు. సర్వర్ రూము లాంటిదేమీ లేదు. ప్యాంట్రీ పక్కన మూలలో టేబుల్ కింద ఒక పాత డెస్క్‌టాప్, దాని మీద 'ఆపవద్దు' అని మార్కర్‌తో రాసిన కాగితం అంటించి ఉంది. వాళ్ల జెంకిన్స్ అదే. తెరిస్తే ప్రతి జాబ్ పక్కనా చిన్న వాతావరణం బొమ్మ ఉంటుంది కదా, ఈమధ్య బిల్డులు బాగా నడుస్తుంటే ఎండ, తప్పుతుంటే మబ్బు, వరసగా ఫెయిలైతే ఉరుము. అక్కడ ఒక్క జాబ్‌కు మాత్రం ఎండ కాస్తోంది. అది కస్టమర్ల ఆండ్రాయిడ్ యాప్ రిలీజ్ జాబ్. దానిలో అడుగులన్నీ స్క్రీన్ మీద గళ్లల్లో టైపు చేసినవే, రిపోజిటరీలో ఒక్క వరుసా లేదు. యాప్ మీద సంతకం పెట్టే కీస్టోర్ ఫైలు, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఒకతని హోమ్ ఫోల్డర్‌లో ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ యాప్ పాతది, సంతకం తాళాన్ని గూగుల్ దగ్గర దాచే పద్ధతిలో ఎప్పుడూ చేరలేదు. అంటే ఆ డిస్కు పోతే ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ ఉండదు. కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టి, ఉన్న కస్టమర్లందరినీ పాతది తీసేసి కొత్తది వేసుకోమని బతిమాలుకోవాలి.

వెళ్లిపోయినతన్ని నేను తప్పుపట్టను. నోటీస్ పీరియడ్‌లో కేటీ (పని వివరాల అప్పగింత) ఇచ్చే ఉంటాడు. కేటీ తీసుకోవాల్సినవాళ్లకు ఆ నెలలో వేరే డెడ్‌లైన్ ఉండి ఉంటుంది. ఇది మన రంగంలో ఇంటింటి కథ. రెండేళ్లకో మూడేళ్లకో మనిషి మారే చోట, మనిషి తలలో ఉన్న పైప్‌లైన్‌ను (బిల్డ్ నుంచి డిప్లాయ్ దాకా అడుగుల వరసను) సంస్థ ఆస్తి అనుకోకూడదు. బయటి సేవ వాడుతున్న ఆఫీసుల్లో కూడా ఇదే చూశాను. అడ్మిన్ ఖాతా మానేసినవాళ్ల సొంత జీమెయిల్ మీద ఉంటుంది, ప్రొడక్షన్‌కు ఎక్కించే టోకెన్ వాళ్ల పేరున తయారై ఉంటుంది. హెచ్ఆర్ వాళ్లు ఖాతా మూసిన రోజున డిప్లాయ్ ఆగిపోతుంది.

ఇన్ని చెప్పాక, మరి ఏది తీసుకోమంటారు అని అడుగుతారు. తప్పించుకోకుండా చెబుతాను.

మీ జట్టులో పదిహేను మంది లోపు ఉండి, సర్వర్లు చూసుకోవడమే పనిగా ఉన్న మనిషి లేకపోతే బయటి సేవే తీసుకోండి. ఓపెన్ సోర్స్‌ను ఇంత ఇష్టపడే నేను ఈ మాట అనడం చూసి మిత్రులు కొందరు నొచ్చుకుంటారు. కానీ ప్యాచ్ వేసే నాథుడు లేని ఓపెన్ సోర్స్ సర్వర్ కంటే, రాత్రీ పగలూ జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్న సేవ మీ కస్టమర్లకు క్షేమం. అయితే ఒక షరతు మీద. బిల్డ్, టెస్ట్, డిప్లాయ్ అడుగులన్నీ మీ రిపోజిటరీలోనే స్క్రిప్టుగా ఉండాలి. సేవ తాలూకు ఫైలులో ఆ స్క్రిప్టును పిలిచే రెండు మూడు వరుసలు మాత్రమే ఉండాలి. అప్పుడు ట్రావిస్ లాంటిది మళ్లీ జరిగినా మీకు పెద్ద నష్టం ఉండదు. ఏడబ్ల్యూఎస్ లాంటి క్లౌడ్‌లోకి వెళ్లడానికి శాశ్వత తాళాలు అక్కడ దాచకండి. ఓఐడీసీ అనే గుర్తింపు పద్ధతిలో, కొద్దిసేపే చెల్లే టోకెన్ తీసుకోవచ్చు. దాచనిది ఎవరూ దొంగిలించలేరు.

బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖలు మీ కస్టమర్లయితే లెక్క మారుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. రక్షణ చర్యల్లో వైఫల్యానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగులు 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. మీ బిల్డ్ లాగులు అన్ని రోజులు నిలుస్తున్నాయా? ఇలాంటి సంస్థలకు నేను మధ్యేమార్గం చెబుతాను. పనులను వరసలో పెట్టి పిలవడం బయటి సేవ చేయనివ్వండి, కానీ బిల్డ్, డిప్లాయ్ నడిచే రన్నర్ మీ నెట్‌వర్క్‌లో మీ మెషీన్ మీద ఉండాలి, రహస్యాలు అక్కడే ఉండాలి. ఒక జాగ్రత్త: పబ్లిక్ రిపోజిటరీకి మాత్రం ఆ రన్నర్‌ను తగిలించకండి. ఎవరో ఫోర్క్ చేసి (సొంత కాపీ తీసుకుని మార్చి) పంపిన కోడ్ మీ మెషీన్ మీద నడిచే ప్రమాదం ఉంటుంది. గిట్‌హబ్ కూడా అదే చెబుతుంది.

జట్టులో ఈ పనిని ప్రేమించే మనిషి ఉండి, ఆ మనిషికి వారంలో ఒక పూట నిజంగా ఇవ్వగలిగితే సొంతంగా ఓపెన్ సోర్స్ పెట్టుకోండి. అది సంస్థకు ఎంతో నేర్పుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే గిట్‌ల్యాబ్ కమ్యూనిటీ ఎడిషన్ గానీ, ఇంకా తేలికగా కావాలంటే ఫోర్జేజో (కోడ్ దాచేందుకు), వుడ్‌పెకర్ (బిల్డులు నడిపేందుకు) జోడీ గానీ చూడండి. జెంకిన్స్ ఇప్పటికే ఉంటే పీకేయాల్సిన పని లేదు. జాబులను గళ్లల్లోంచి తీసి జెంకిన్స్‌ఫైల్‌గా రిపోజిటరీలోకి తెచ్చుకోండి, వాడని ప్లగిన్లు తీసేయండి, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచకండి, కంట్రోలర్ (జెంకిన్స్ ప్రధాన సర్వర్) మీద బిల్డులు నడపకుండా వేరే ఏజెంట్ (బిల్డులు చేసే మెషీన్) మీద నడపండి. ఈ నాలుగూ చేస్తే సగం భయం పోతుంది.

ఓపెన్ సోర్స్ పేరున్నదల్లా ఎప్పటికీ అలాగే ఉంటుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. క్లౌడ్ సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్‌ను ఎంతమంది వాడుతున్నారో మీకు తెలుసు. 2023 ఆగస్టులో దాని తయారీ సంస్థ హాషికార్ప్ దాని లైసెన్సును మార్చేసింది. అయితే అంతకుముందు వెర్షన్ స్వేచ్ఛగా ఉంది కాబట్టి నెలన్నర తిరక్కుండా ఓపెన్‌టోఫు అనే కొత్త శాఖ లినక్స్ ఫౌండేషన్ నీడన నిలబడింది. హడ్సన్‌కు జరిగిందే మళ్లీ జరిగింది. డబ్బు కట్టిన సేవ మూతపడితే మనకు మిగిలేది డేటా ఎక్స్‌పోర్ట్ బటన్, అదీ ఉంటే. ఓపెన్ సోర్స్ యజమాని మనసు మార్చుకుంటే మిగిలేది మొత్తం కోడ్. ఈ తేడాకు ఒక విలువ ఉంది, దాన్ని మీ స్ప్రెడ్‌షీట్‌లో ఏ గడిలోనూ నేను చూడలేదు.

ఆ విలువ ఊరికే పుట్టదని చెప్పడానికి ఎక్స్‌జెడ్ సంగతి ఎత్తాలి. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీ లినక్స్ ఉన్న దాదాపు ప్రతిచోటా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది ప్రధానంగా ఒకే మనిషి, తీరిక వేళల్లో. అలసిపోయానని, ఆరోగ్యం సహకరించడం లేదని ఆయన బహిరంగంగానే రాశాడు. సాయం చేస్తానంటూ జియా టాన్ అనే పేరుతో ఒకరు చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని, చివరికి దానిలో దొంగదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి, తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టే తవ్వగలిగాడు.

మన పనికి నేరుగా సంబంధించిన ముక్క ఇందులో ఒకటుంది. ఆ దొంగదారిని తెరిచే కీలకమైన స్క్రిప్టు గిట్ రిపోజిటరీలో లేదు, చేత్తో తయారుచేసి విడుదల చేసిన టార్‌బాల్‌లో (కోడ్ మూటలో) మాత్రమే ఉంది. రిపోజిటరీలో కనిపించే కోడ్ నుంచే, అందరూ చూడగలిగే పైప్‌లైన్‌లోనే రిలీజ్ తయారు కావాలన్న నియమం ఉండి ఉంటే దాన్ని అక్కడ దాచడం కుదిరేది కాదు. మీ రిలీజులు ఎవరి ల్యాప్‌టాప్ మీదా తయారు కాకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

కాబట్టి ఓపెన్ సోర్స్‌ను ఎంచుకున్నవాళ్లు దాన్ని మోస్తున్నవాళ్ల బరువులో కొంత పంచుకోవాలి. పెద్ద చెక్కు రాయమని అనడం లేదు. మీరు వాడుతున్న ప్లగిన్‌లో బగ్ దొరికితే మీ ఇంజినీరు దాన్ని ఆఫీసు వేళల్లోనే సరిచేసి వెనక్కి పంపేందుకు అనుమతించండి. దాన్ని అప్రైజల్‌లో లెక్కలోకి తీసుకోండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి బృందాలు ఏళ్లుగా కాలేజీ పిల్లలకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నాయి, అక్కడి పిల్లల్ని ఇంటర్న్‌లుగా తీసుకుని పైప్‌లైన్ పని అప్పగించండి. జావా, రియాక్ట్ నేర్చుకుని వచ్చేవాళ్లకు కొదవ లేదు. బిల్డ్ ఎందుకు ఫెయిలైందో లాగు చదివి చెప్పగల పిల్లలు మాత్రం కరువు. ఎందుకంటే ఆ పని వాళ్ల చేతికి మనం ఇవ్వడం లేదు.

ఇంకో మాట. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు పైప్‌లైన్‌లోకి వస్తున్నాయి. కోడ్ మార్చి, టెస్టులు నడిపి, మార్పును చేర్చమనే రిక్వెస్ట్ కూడా తామే పంపుతాయి. వాటిని వద్దనడం లేదు. కానీ ఏజెంట్‌కు ఇచ్చే టోకెన్‌కు ప్రొడక్షన్ మీద రాసే అధికారం ఇవ్వకండి, మనిషి ఆమోదం లేకుండా డిప్లాయ్ జరగనివ్వకండి.

మీ నుంచి నేను కోరేది ఇది. వచ్చే సోమవారం మీటింగులో పావుగంట ఈ విషయానికి కేటాయించండి. పైప్‌లైన్‌కు బాధ్యులుగా ఒకరి పేరు, వారు సెలవులో ఉంటే చూసుకునే రెండో వారి పేరు రాయండి. వారానికి నాలుగు గంటలని రాసి, స్ప్రింట్ ప్లానులో ఆ గంటలను నిజంగా తీసి పక్కన పెట్టండి. క్లయింటు డెమో వచ్చినా వాటిని లాక్కోకండి. తర్వాత ఆ రెండో మనిషికి ఖాళీ ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చి, రిపోజిటరీ తప్ప ఇంకేమీ చూడకుండా, మొదటి మనిషిని ఏమీ అడగకుండా, మీ ప్రధాన ఉత్పత్తిని బిల్డ్ చేసి టెస్ట్ సర్వర్ మీదికి ఎక్కించమనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక టికెట్ తెరవండి. ఆ టికెట్లు మూసేదాకా ఏ సాధనం కొనాలి, ఏది దించుకోవాలి అన్న చర్చను పక్కన పెట్టండి.

భవదీయుడు,
ఒక బిల్డ్ అండ్ రిలీజ్ ఇంజినీరు,
హైదరాబాద్